చంపే ముందు ఒక గంట చూడండి: మామిడి చెట్టు మీసాల పురుగు

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్లకూ విషయం తెలుస్తుంది. రాజోలు దగ్గర మీ అమ్మమ్మగారి ఊళ్లో, తొలకరి వాన పడిన రాత్రి, అరుగు మీది లైటు దగ్గర గోడకు వేలెడంత పురుగు కరుచుకుని కనిపించింది. బూడిద రంగు ఒళ్లు, దాని మీద నారింజ మచ్చలు, ఒంటికంటే పొడవైన మీసాలు. ముట్టుకుంటే కీచుమంది. అమ్మమ్మగారు చంపెయ్యమన్నారు, మీకేమో దగ్గరగా ఫొటోలు తియ్యాలని ఉంది. అది కుడుతుందా, పెరట్లో ఎండిపోతున్న మామిడి కొమ్మకూ దానికీ సంబంధం ఉందా, మామూలు ఫోనుతో ఫొటో ఎలా తియ్యాలి అని అడిగారు.

మొదట భయం సంగతి. అది కుట్టదు. దానికి కొండి లేదు, విషం లేదు. కాకపోతే దవడలు గట్టివి. పచ్చి చెక్కను నమిలి దారి చేసుకుని బయటికొచ్చిన దవడలు అవి, మధ్యలో వేలు పెడితే బాగా నొక్కుతాయి. కాళ్ల గోళ్లు గీరుకుంటాయి, భుజాల దగ్గర చెరో ముల్లూ ఉంటుంది. నా మాట వింటే చేత్తో పట్టుకోకండి. గాజు గ్లాసు దాని మీద బోర్లించి, గోడకూ గ్లాసుకూ మధ్య అట్టముక్క దూర్చండి చాలు.

మీరు చెప్పిన గుర్తులన్నీ మామిడి కాండం తొలిచే పురుగువే. శాస్త్రంలో దాని పేరు బాటోసెరా రూఫోమాక్యులాటా. 1775లో దీన్ని మొదటిసారి వర్ణించింది డి గీర్ అనే శాస్త్రవేత్త. ఖాయం చేసుకోవడానికి మూడు చోట్ల చూడండి. మెడ మీది పలకపై నెలవంకల్లాంటి రెండు నారింజ మచ్చలు ఉండాలి. రెండు పై పెంకులూ మెడ దగ్గర కలిసే చోట చిన్న తెల్లటి ముక్క ఉండాలి, సున్నం చుక్క పెట్టినట్టు. పక్క నుంచి చూస్తే కంటి వెనక నుంచి పొట్ట చివరిదాకా తెల్లటి పట్టీ కనిపించాలి. ఈ మూడూ ఉంటే అనుమానం అక్కర్లేదు. పొడవు మూడున్నర నుంచి ఐదున్నర సెంటీమీటర్ల వరకు ఉంటుంది.

నేను ముప్పై ఏళ్లు ఈ డెల్టాలోనే రైతుల తోటల చుట్టూ తిరిగే ఉద్యోగం చేశాను. పురుగు అనగానే మందు పేరు చెప్పడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటు మానడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అందుకే మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఇంకోసారి దొరికితే ఒక గంట దాన్ని చూడండి, పొద్దున్నే వెళ్లి చెట్టును చూడండి, ఆ తర్వాత ఏం చెయ్యాలో మీరే నిర్ణయించుకోండి. పురుగు ఒంటి మీద ఉన్న ప్రతి భాగానికీ ఆ చెట్టులో ఒక కారణం దొరుకుతుంది.

మీసాలతో మొదలుపెట్టండి. లెక్కపెడితే 11 కణుపులు వస్తాయి. మగదానికి మీసాలు ఒంటిని దాటి చాలా పొడవు పోతాయి, ఆడదానికి ఒంటి పొడవు కాస్త దాటితే గొప్ప. అడుగు వైపు చిన్న చిన్న ముళ్లు కూడా ఉంటాయి, పక్క నుంచి టార్చి వేస్తే తెలుస్తాయి. అది నడుస్తున్నప్పుడు గమనించండి, మీసాలు ఊరికే ఉండవు. ముందున్న చోటును తడుముతూ, గాలిలో ఆగుతూ ఉంటాయి. చీకట్లో తిరిగే పురుగుకు వాసన, స్పర్శ రెండూ మీసాల్లోనే. ఏ చెట్టు బలహీనంగా ఉందో, అక్కడ జోడు ఉందో లేదో తేల్చుకునేది వాటితోనే.

ఇప్పుడు కన్ను. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. దీని కన్ను గుండ్రంగా ఉండదు, జీడిపప్పులా వంగి ఉంటుంది. ఆ వంపులోంచే మీసం మొలుస్తుంది, అంటే మీసం మొదలును కన్ను సగం చుట్టేసి ఉంటుంది. పొడుగు మీసాల పెంకుపురుగులు ప్రపంచంలో ముప్పై వేల రకాలకు పైనే ఉన్నాయి, వాటిలో చాలా వాటికి ఈ ఏర్పాటే ఉంటుంది. మీసం పొట్టిగా ఉన్న రకాలు కూడా ఉన్నాయి కాబట్టి, ఇది ఆ కుటుంబమేనా అన్న సందేహం వస్తే నేను మీసం పొడవుకంటే ముందు కన్ను చూస్తాను. మొహం కూడా చూడండి. బాటోసెరా మొహం మేక మొహంలా నిలువుగా కిందికి దిగుతుంది, దవడలు నేల వైపు ఉంటాయి. బెరడు మీద నిలబడి కింద ఉన్నదాన్ని కొరకడానికి అనువుగా ఉంటుందన్నమాట.

మిమ్మల్ని భయపెట్టిన కీచు శబ్దం నోట్లోంచి రాదు. మెడ పలక వెనక అంచు కింద సన్నటి గీతలున్న చిన్న బిళ్ల ఉంటుంది. పురుగు మెడను పైకీ కిందికీ ఆడించినప్పుడు ఆ అంచు గీతల మీద రాసుకుంటుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీస్తే వచ్చే చప్పుడు లాంటిదే. గ్లాసులో ఉంచి ఫోను వీడియో ఆన్ చేసి గ్లాసును మెల్లగా కదపండి, తల ఊపడం, చప్పుడు రెండూ ఒకేసారి దొరుకుతాయి. దాన్ని పట్టుకున్న జీవి ఉలిక్కిపడి వదిలేస్తే దానికి ప్రాణం దక్కుతుంది. మీరు వదిలేశారు కదా, అందుకే అది వేసిన కేక పనిచేసిందని చెప్పొచ్చు.

గాజు మీద జారకుండా ఎలా నడుస్తుందో కింద నుంచి చూడండి. పాదం అడుగున మెత్తటి దిండ్లు ఉంటాయి. పాదానికి నాలుగు ముక్కలే ఉన్నట్టు కనిపిస్తాయి, నిజానికి ఐదు. నాలుగోది చాలా చిన్నది, మూడోదాని రెండు చీలికల మధ్య దాక్కుని ఉంటుంది. పదింతలు పెద్దగా చూపించే చేతి భూతద్దం ఉంటే అది కూడా దొరుకుతుంది.

ఇక రంగు. ఆ బూడిద రంగు పెంకుది కాదు, పెంకు నల్లగానే ఉంటుంది. దాని మీద పరుచుకున్న సన్నటి నూగు వల్ల ఆ రంగు వస్తుంది. కొత్తగా చెట్టులోంచి వచ్చిన పురుగు మఖ్మల్ గుడ్డలా ఉంటుంది. కొమ్మల్లో రాసుకుని తిరిగిన పాతదానికి అక్కడక్కడా నూగు రాలి నల్లగా మెరుస్తుంది. భుజాల దగ్గర నల్లటి చిన్న చిన్న గింజలు పొదిగినట్టు ఉంటాయి, ఫొటోకు అందమైన చోటు అదే.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. మీ అసలు బాధ అక్కడుంది.

గోడ మీద చూసిన పెద్ద పురుగు కాండాన్ని తొలవదు. అది మేడి, మర్రి, మామిడి లేత కొమ్మల బెరడు కొరుక్కుని బతుకుతుంది. చెట్టును తినేది దాని పిల్ల. తల్లి బెరడులో దవడలతో చిన్న గాటు పెట్టి అందులో గుడ్డు పెడుతుంది. పగుళ్లున్న ముసలి చెట్టు, దెబ్బ తిన్న చోటు, సరిగ్గా నరకని కొమ్మ మొదలు దానికి ఇష్టం. గుడ్డులోంచి వచ్చిన తెల్లటి పురుగు బెరడు కింద మొదలుపెట్టి చెక్కలోకి దిగుతుంది. బాగా పెరిగితే తొమ్మిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మన అరచేయి వెడల్పు అనుకోండి. లోపల ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే గడుపుతుంది. అక్కడే ప్యూపాగా మారి, పెద్ద పురుగై, వానలు పడేదాకా లోపలే ఉండి, రూపాయి బిళ్లంత గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. మీకు మొన్న తొలకరి రాత్రి కనిపించడం యాదృచ్ఛికం కాదు.

చెట్టు మొదట్లో నేల మీద, కొమ్మల పంగల్లో రంపపు పొట్టు లాంటిది రాలి ఉందేమో చూడండి. చేతిలోకి తీసుకుంటే పీచు పీచుగా, చెక్క నమిలి ఉమ్మినట్టు ఉంటే ఈ పురుగు లోపల ఉన్నట్టే. అదే బెరడు మీద గోధుమరంగు పొట్టు, సాలెగూడులాంటి దారాలతో అతుక్కుని మట్టి గొట్టంలా పాకి ఉంటే అది వేరే. అది బెరడు తినే గొంగళి పురుగు పని, పెద్దయ్యాక సీతాకోకచిలుకలాంటి రెక్కల పురుగు అవుతుంది. రెండింటికీ తేడా తెలియక తోటల్లో చాలా డబ్బు మందుల పాలవడం చూశాను.

నాకూ ఒక దెబ్బ తగిలింది. మా పెరట్లో మా నాన్నగారు వేసిన పనస చెట్టు ఉండేది. మొదట్లో పొట్టు రాలుతుంటే చీమలు తోడుతున్నాయనుకున్నాను. రెండో ఏడు ఒక కొమ్మ వాడింది. మందుల దుకాణంలో ఆకుల మీద కొట్టమని ఏదో ఇచ్చారు, కొట్టాను. పురుగు జానెడు చెక్క వెనక ఉంటే ఆకు మీద కొట్టిన మందు దాన్నేం చేస్తుంది? మరో రెండేళ్లకు ఈదురుగాలికి చెట్టు నడుముకు విరిగి పడింది. విరిగిన చోట బొటనవేలు పట్టేంత సొరంగాలు, ఒక దాంట్లో పురుగు ఇంకా బతికే ఉంది. ఆ రోజు మా అమ్మ ఆ చెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. అప్పటి నుంచి ఏ చెట్టు దగ్గరికి వెళ్లినా నేను ముందు మొదలు చూస్తాను.

మీ మామిడికి కన్నం దొరికితే సన్నటి ఇనుప తీగ చివర కొక్కెంలా వంచి లోపలికి పోనిచ్చి, తగిలినంత వరకు పురుగును లాగండి లేదా పొడవండి. పొట్టు శుభ్రం చేసి కన్నాన్ని బంకమట్టితో మూసేయండి. వారం తర్వాత కొత్త పొట్టు రాలుతుంటే ఇంకోటి ఉన్నట్టు. పాత పుస్తకాల్లో దూదిని డైక్లోర్‌వాస్‌లో ముంచి పెట్టమని ఉంటుంది. ఆ మందును 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు, ఎవరి కొట్టంలోనైనా పాత సీసా ఉన్నా వాడకండి. పూర్తిగా ఎండిన కొమ్మను నున్నగా కోసి కాల్చేయండి, పొయ్యి పక్కన నెలల తరబడి పేర్చి ఉంచితే లోపలున్నది అక్కడి నుంచే బయటికొస్తుంది. పక్కన బూరుగు, మేడి, పనస ఉంటే వాటినీ చూడండి, ఇది వాటిలోనూ పెరుగుతుంది.

మరి అమ్మమ్మగారి మాట? కాపు కాసే మామిడి మొదలు మీద ఆడపురుగు గాట్లు పెడుతూ దొరికితే చంపడం తప్పని నేను అనను, ఆ చెట్టు మీ ఇంటి తిండి. కానీ లైటుకు వచ్చిన ప్రతిదాన్నీ చంపితే చెట్టు బాగుపడదు. లోపలున్నది లోపలే తింటూ ఉంటుంది.

ఒక గందరగోళం కూడా తీర్చాలి. కోనసీమలో కొమ్ము పురుగు అంటే కొబ్బరి చెట్టుది. దానికి తల మీద ఖడ్గమృగంలా కొమ్ము ఉంటుంది, మీసాలు పొట్టిగా చివర ఆకుల కట్టలా ఉంటాయి. మొవ్వులోకి దూరి కొరికేస్తే ఆ తర్వాత విచ్చుకున్న మట్ట కత్తెరతో కోసినట్టు కనిపిస్తుంది. దాని పిల్లలు పచ్చి చెక్కలో ఉండవు, పెంటకుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో సున్నాలా చుట్టుకుని ఉంటాయి, వాటికి కాళ్లుంటాయి. మీసాల పురుగు పిల్ల తిన్నగా, కాళ్లు లేనట్టే ఉంటుంది. 1996 నవంబరు తుపాను తర్వాత పడిపోయిన కొబ్బరి మొద్దులు మా ప్రాంతంలో ఎక్కడికక్కడ కుళ్లాయి, పగలగొడితే ఆ తెల్లటి చుట్టలే. అందుకే గాలివాన వచ్చి వెళ్లాక తోట శుభ్రం చేయడం ఏ మందుకంటే ముఖ్యమని చెబుతుంటాను.

ఈ కుటుంబంలోనే ఇంకా ఏం చూడొచ్చంటే, మీ ఊరి చుట్టుపక్కలే చాలా ఉన్నాయి. వెదురు పందిరి వేసిన ఇంట్లో పసుపు ఒంటి మీద నల్లటి ఉంగరాలున్న సన్నటి పురుగు చకచకా పరిగెడుతుంటే కందిరీగ అనుకుని పారిపోకండి. అదీ మీసాల పురుగే, కందిరీగ వేషం వేసుకుంది. కోసిన వెదురులో పెరుగుతుంది. దిరిసెన చెట్ల దగ్గర లైటు ఉంటే ఎర్రటి గోధుమ రంగు మీద పచ్చగా మెరిసే గీతలున్నది వస్తుంది. మేడి, పనస కొమ్మల మీద తెల్లటి గుండ్రటి చుక్కలతో చాలా సన్నంగా ఉండే ఓలెనెకాంప్టస్ దొరికితే మీ అదృష్టం, దాని మీసాలు చూస్తే అంత చిన్న ఒళ్లు వాటిని ఎలా మోస్తోందా అనిపిస్తుంది. కడియం వైపు నర్సరీలకు వెళ్తే కాగితం పూల కొమ్మ ఒకటి కత్తితో చుట్టూ కోసినట్టు బెరడు పోయి పైభాగం వాడి ఉందేమో చూడండి. స్థీనియాస్ అనే పురుగు అలా కొమ్మ చుట్టూ కొరికి, ఎండబోయే పైభాగంలో గుడ్లు పెడుతుంది. సముద్రం వైపు ఇసుక నేలల జీడిమామిడి తోటల్లో చెట్టు మొదట్లో జిగురు, పొట్టు కలిసి కారుతుంటే అక్కడ ఇంకో ఎర్ర గోధుమ రంగు మీసాల పురుగు పిల్లలున్నట్టు. అది మామిడి పురుగుకంటే ప్రమాదకరం, పట్టించుకోకపోతే చెట్టంతా చస్తుంది.

రాత్రి చూడాలంటే పాత తెల్ల పంచె ఒకటి దండెం మీద వేలాడదీసి దాని ముందు ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. మృగశిర కార్తె మొదలు, అంటే జూన్ 8 ప్రాంతం నుంచి, ఉక్కగా ఉండి గాలి లేని రాత్రులు మంచివి. ఎనిమిది నుంచి పదకొండు దాకా కూర్చోండి. వరిచేల పక్కనైతే నీటి పురుగులు కూడా ఎగిరొస్తాయి. వాటిలో ఒక చదునైన గోధుమరంగు పురుగుకు వీపు నిండా గుడ్లు అంటించి ఉంటే, అది తల్లి కాదు, తండ్రి. ఆడది గుడ్లు దాని వీపుకు అతికించి వెళ్లిపోతే, పొదిగేదాకా మోసేది మగదే.

ఆ పంచె దగ్గర ఒక జాగ్రత్త తప్పనిసరి. చీమలా సన్నగా, నారింజ, నలుపు పట్టీలతో, సెంటీమీటరు కూడా లేని పురుగు ఒకటి వస్తుంది, పెడెరస్ అంటారు. అది కుట్టదు, కానీ మెడ మీద వాలినప్పుడు చేత్తో నలిపితే దాని ఒంట్లోని రసం తగిలి మర్నాటికి చర్మం కాలినట్టు బొబ్బలు లేస్తాయి. ఊదేయండి, నలపకండి. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగండి. చంపక్కర్లేదు, వరి రసం పీల్చే సుడిదోమను తినేది కూడా అదే. పాముల సంగతి మీకు చెప్పక్కర్లేదు, చెట్ల కిందికి బూట్లు లేకుండా, టార్చి లేకుండా వెళ్లొద్దు.

ఫోను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కెమెరాకు తగిలించే చిన్న క్లిప్పు లెన్సు చాలు. దాంతో మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే స్పష్టంగా వస్తుంది కాబట్టి ఫోను తెర మీద వేలితో నొక్కి ఫోకస్ పెట్టుకున్నాక, మీరే ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతూ వరసగా పది ఫొటోలు తియ్యండి, ఒకటి నిలుస్తుంది. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. పై నుంచి తీస్తే పురుగు మచ్చలా వస్తుంది, దాని కన్ను ఎత్తుకు మీరు దిగండి. ఫ్లాష్ నేరుగా వేస్తే పెంకు తెల్లబోతుంది, ముందు పల్చటి తెల్ల కాగితం అడ్డం పెట్టండి. అన్నిటికంటే మంచి వెలుతురు పొద్దున ఆరున్నరది. అప్పుడు పురుగుకూ ఒళ్లు వేడెక్కి ఉండదు, కదలదు. చల్లగా ఉంటే ఆగుతుంది కదా అని ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది నాకు నచ్చదు. కాళ్లు ముడుచుకున్న పురుగు ఫొటోలో కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. మామిడి కింద నిలబడేటప్పుడు ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు తల మీద లేవని చూసుకోండి.

పేరు తెలియనివాటికి ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (ఫొటో చూసి జీవుల పేర్లు చెప్పే వెబ్‌సైటు) పెట్టండి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, మొహం ఒకటి. ఏ చెట్టు మీద దొరికిందో తప్పకుండా రాయండి, పేరు చెప్పేవాళ్లకు సగం పని అక్కడే అయిపోతుంది. కోరింగ అడవికి వెళ్తే మాత్రం అది అభయారణ్యం, చూడటం, ఫొటో తియ్యడం వరకే. పురుగును కూడా అనుమతి లేకుండా తెచ్చుకోకూడదు.

ఆరుద్ర కార్తెలో ఎర్ర మఖ్మల్ పురుగులు కనిపిస్తే మీ ఇంటి పిల్లలతో కాళ్లు లెక్కపెట్టించండి. ఎనిమిది వస్తాయి. ఆరుద్ర పురుగు నిజానికి కీటకం కాదు, సాలీళ్ల వైపు బంధువు. నేను పిల్లలకు కీటకం అంటే ఏమిటో ఎప్పుడూ అక్కడి నుంచే చెప్పడం మొదలుపెడతాను.

ముందు రేపు పొద్దున మామిడి మొదలు దగ్గర పొట్టు ఉందో లేదో చూడండి. ఉంటే గుప్పెడు తెల్ల కాగితం మీద పోసి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, కన్నం ఎంత ఎత్తులో ఉందో కూడా రాయండి. పీచును బట్టి అది ఈ పురుగుదో కాదో చెబుతాను, తీగ ఎటు వైపు పోనివ్వాలో అప్పుడు మాట్లాడుకుందాం.